పాత ఇంజను, కొత్త యంత్రం

2009లో హైదరాబాదుకు చెందిన అరోనా టెక్నాలజీస్ సంస్థ ‘హనుమాన్: బాయ్ వారియర్’ అనే వీడియో క్రీడను నిర్మించినది. ప్లేస్టేషన్ కోసం పూర్తిగా మన దేశంలోనే తయారైన తొలి క్రీడగా అది పేరొందినది. అయితే అది పనిచేసేది ప్లేస్టేషన్ 2 మీద. ఆ యంత్రం 2000లో వెలువడినది. దాని తరువాతి తరం 2006లోనే వచ్చినది. ఇది వెనుకబాటుతనం కాదు. మన మధ్యతరగతి ఇండ్లకు అందుబాటులో ఉన్నది ఆ పాత యంత్రమే.

క్రీడకు ఇంజను అనగా తెరపై బొమ్మ గీయుట, వస్తువుల తాకిడిని లెక్కించుట, ధ్వని పలికించుట వంటి పనులు చేసే ప్రోగ్రాముల సముదాయం. ప్రతి క్రీడకూ దీనిని మొదటినుండి వ్రాయవలసివస్తే ఏ సంస్థా బ్రతుకజాలదు. గోడకు తగిలిన బంతి వెనుదిరిగే గణితం రాయపూర్‌లోని పాత యంత్రంలోనైనా, టోక్యోలోని కొత్త యంత్రంలోనైనా ఒక్కటే. చిక్కంతా యంత్రాన్ని నేరుగా తాకే భాగంలో ఉన్నది. ప్లేస్టేషన్ 2లో ప్రధాన స్మృతి 32 మెగాబైట్లు మాత్రమే. అందులోని రెండు వెక్టార్ యూనిట్లకై నిపుణులు చేతితో చెక్కినట్లు కోడు వ్రాసేవారు. తరువాతి యంత్రం నిర్మాణమే వేరు కావడంతో ఆ శ్రమ చిల్లిగవ్వకు కొరగాకపోయినది.

ఈ బాధ తప్పించుకొనుటకు పలువురు బ్రిటన్‌లోని క్రైటీరియన్ సంస్థవారి రెండర్‌వేర్ ఇంజనును లైసెన్సుపై తీసుకొనేవారు. 2001 నాటి ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో 3’ దానిపై నిర్మించినదే. 2004లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ క్రైటీరియన్‌ను కొనివేసినది. పోటీదారు చేతిలోని ఇంజనుపై ఆధారపడుట ఎవరికి రుచించును? రాక్‌స్టార్ సంస్థ సొంత ఇంజనును నిర్మించుకొని, 2006లో దానిని మొదట ఒక టేబుల్ టెన్నిస్ ఆటతో (ఎంత వినయం!) పరీక్షించినది. ఆ ఇంజనుపైనే ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5’ 2013లో ప్లేస్టేషన్ 3పై, 2014లో 4పై, 2022లో 5పై వచ్చినది. యంత్రం స్మృతి పెరిగినకొద్దీ వీధులలో వాహనాలు, గడ్డి దట్టమైనవి. దూరపు కొండలు స్పష్టమైనవి.

మన చిన్న సంస్థలకు అంతటి స్తోమత లేదు. వానిలో అనేకం యూనిటీ వంటి పరాయి ఇంజన్లపైనే ఆధారపడియున్నవి. 2023 సెప్టెంబరులో యూనిటీవారు, ఒక హద్దు దాటిన క్రీడలకు, ప్రతి కొత్త స్థాపనకూ రుసుము విధింతుమన్నప్పుడు లోకమంతటా నిర్మాతలు గగ్గోలు పెట్టినారు; మరుసటి సంవత్సరం ఆ ప్రతిపాదన రద్దయినది. గోడో అనే ఉచిత ఇంజను ఉన్నది. దాని కోడును ఎవరైనా చదువవచ్చు, మార్చుకొనవచ్చు. కాని ప్లేస్టేషన్ వంటి యంత్రాల లోగుట్టును వాటి తయారీదారులు ఒప్పందపత్రం వ్రాసినవారికే తెలుపుదురు. కనుక యంత్రాన్ని తాకే ఆ ఒక్క భాగాన్ని మాత్రం గోడోలో బహిరంగంగా ఉంచుటకు వీలులేదు. దానికై మరొక సంస్థను ఆశ్రయించవలసినదే, లేదా ఒప్పందం వ్రాసి స్వయంగా వ్రాసుకొనవలసినదే.