పనిమనిషికి మెటర్నిటీ లీవా? అవును, ఎందుకివ్వకూడదు?

మన ఆఫీసుల్లో ఎవరైనా తల్లి కాబోతోందంటే టీమంతా కేకు కోస్తాం. 26 వారాలు జీతంతో సెలవు. మంచిదే, ఉండాల్సిందే. నా గొడవ అది కాదు. ఆవిడ తిరిగి ఆఫీసుకొచ్చాక ఆ పసిబిడ్డని చూసుకునే ఇంకో ఆడమనిషి ఉంటుంది చూశారూ, ఆవిడ గురించి. ఆవిడే నెల తప్పితే? ఏముంది, "వేరే మనిషిని చూడవయ్యా" అని వాచ్‌మన్‌కి చెప్తాం.

1961 నాటి ప్రసూతి చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు పిల్లలకి 12 వారాల సెలవుని 26 చేశారు. 2025 నవంబరు 21 నుంచి అది సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. అయినా షాపులకీ ఆఫీసులకీ పెట్టిన "కనీసం పదిమంది ఉద్యోగులు" అన్న గీత అలాగే ఉంది. గచ్చిబౌలి టవర్లలో అయిదు ఫ్లాట్లు చేసే మనిషికి అయిదుగురు యజమానులు. వాళ్ళలో ఒక్కరూ "సంస్థ" కాదు. కాబట్టి సెలవు లెక్కలో ఆవిడ ఎవరి ఉద్యోగీ కాదు!

"గవర్నమెంటు డబ్బులిస్తుందిగా" అంటారు. సరే, చూద్దాం. 2013 ఆహార భద్రతా చట్టం గర్భిణికి కనీసం 6,000 ఇవ్వాలంది. 2017లో కేంద్రం తెచ్చిన మాతృ వందన పథకం మొదటి కాన్పుకి 5,000 అంది. 26 వారాలంటే 182 రోజులు. రోజుకి 28 రూపాయలు కూడా పడదు. అదే ఏడు తెలంగాణలో మొదలైన కేసీఆర్ కిట్‌లో 12,000, ఆడపిల్లైతే 13,000 అన్నారు, సర్కారు దవాఖానాలో కాన్పయితేనే. అదైనా రోజుకి డెబ్బై చిల్లరకి మించదు. దాంతో బాలింత ఆర్నెల్లు ఇంటిపట్టున ఎలా ఉంటుంది? ఉండలేదు. పచ్చి ఒంటితోనే వచ్చి మన గిన్నెలు తోముతుంది.

"అయిదిళ్ళ మనిషికి నేనొక్కడినే ఎందుకివ్వాలి?" సరైన ప్రశ్నే. ఒక్కరే ఇవ్వక్కర్లేదు. 500 ఫ్లాట్ల కమ్యూనిటీ అనుకోండి. మెయింటెనెన్సుతో పాటు ఫ్లాటుకి నెలకి వంద వసూలు చేస్తే ఏడాదికి 6 లక్షలు. నెలకి 12,000 చొప్పున ఆర్నెల్లకి ఒక్కొక్కరికి 72,000. ఏటా ఎనిమిది మందికి సరిపోతుంది. దీనికి ఎక్సెల్ కూడా అక్కర్లేదు. సెలవయ్యాక ఆ పని మళ్ళీ ఆవిడకే ఇవ్వాలి, అది మాత్రం మర్చిపోవద్దు.

చట్టం ఎప్పుడో మారుతుంది, మారాలి కూడా. ఈలోగా మీ అసోసియేషన్ మీటింగులో పార్కింగు గొడవ, కుక్కల గొడవ అయ్యాక ఈ మాటా ఎత్తండి. కుదరదనేవాళ్ళు పై లెక్కలో తప్పెక్కడుందో చెప్పాలి మరి.