పేరులేని వేయిమంది

ఈ వ్యాసానికి నేను ఎన్నుకొన్న విషయాన్ని చూచి కళాశాల కమిటీ పెద్దలు కొందరు భృకుటి ముడివేయవచ్చు. ఒక వీడియో ఆటను గూర్చి వార్షిక సంచికలో వ్రాయవలసిన అగత్యమేమని అడుగవచ్చు. అగత్యం ఉన్నది. హాస్టలు గదులలో రాత్రి పది గంటలు దాటిన తరువాత తెరచిన పుస్తకాల కంటె వెలిగే తెరలే ఎక్కువ. మన కాలాన్ని ఇంతగా హరిస్తున్న వస్తువు మనకేమి నేర్పుతున్నదో విచారించుకొనుట విద్యార్థి ధర్మమే కదా!

నేను చెప్పబోయేది 'డైనాస్టీ వారియర్స్' అనే ఆటను గూర్చి. జపాను దేశపు కోయి సంస్థ దీనిని 1997 లో ఇద్దరు యోధుల ద్వంద్వయుద్ధంగా ప్రారంభించింది. 2000 లో ప్లేస్టేషన్ 2 యంత్రంపై వచ్చిన రెండవ భాగంతో దీని స్వరూపమే మారిపోయింది. ఒక్క వీరుడు, విశాలమైన రణరంగం, గుంపులు గుంపులుగా శత్రుసేన! జపాను భాషలో ఈ ఆట పేరులోనున్న 'ముసో' అనే మాటకు సాటిలేనిది అని అర్థం. కథ మాత్రం చైనాది. క్రీ.శ. 184 లో పసుపు తలపాగాల తిరుగుబాటుతో హాన్ సామ్రాజ్యం సడలి, వెయ్, షు, వు అనే మూడు రాజ్యాలు తలయెత్తి, 280 లో జిన్ వంశం క్రింద దేశం మరల ఏకమగు వరకు నడచిన చరిత్ర అది. లువో గ్వాన్‌జోంగ్ రచనగా ప్రసిద్ధి చెందిన 'మూడు రాజ్యాల గాథ' అనే నవల దానిని చిరస్మరణీయం చేసింది.

ఈ ఆటలోని ఆకర్షణను కాదనుట అసత్యమాడుటయే. పగలంతా హాజరు పట్టీలో ఒక అంకెగా, పరీక్షా మందిరంలో మరొక అంకెగా బ్రతికే విద్యార్థి, రాత్రివేళ ఝావో యున్ చేతి ఈటెను అందుకొని సైన్యాలను చీల్చుకొని పోతాడు. ఒక మీట నొక్కితే పదిమంది ఎగిరి పడతారు. దెబ్బ తీసినకొద్దీ, తగిలినకొద్దీ ఒక శక్తిపట్టీ నిండుతుంది. నిండిన పిమ్మట దానిని విడిచిపెడితే చుట్టునున్న వారందరూ నేలకూలుతారు. తెర మూలన కూలినవారి సంఖ్య పెరుగుతూ ఉంటుంది. అది వేయి దాటిన క్షణాన కలిగే ఉల్లాసం నేనెరుగుదును. స్నేహితుడు ప్రక్కన కూర్చుండి రెండవ వీరుడైనాడా, ఆ ఉల్లాసం రెట్టింపు.

లోపాలు కూడ అంత స్పష్టమైనవే. నొక్కిన మీటనే మరల మరల నొక్కుట తప్ప బుద్ధికి పని స్వల్పం. సులభమైన స్థాయిలో శత్రుసైనికులు ఆయుధాలు చేతబట్టి, తమ వంతు కొరకు వేచియున్నట్లు నిలబడి ఉంటారు. 2018 లో వచ్చిన తొమ్మిదవ భాగంలో దేశమంతయు తిరుగవచ్చునన్నారు. తీరా చూడగా ఆ విశాలతలో చాల భాగం శూన్యమే. కాని ఇవి ఆట తయారీలోని లోపాలు. నేటి భాగంలో ఉన్నది రేపటి భాగంలో సరికావచ్చు. నన్ను కలతపెట్టినది వేరొకటి.

గత వేసవి సెలవులలో ఇంటివద్ద ఆడుతూండగా, ఆరవ తరగతి చదివే నా తమ్ముడు ప్రక్కన చేరి చూస్తున్నాడు. వేయి పూర్తికాగానే నేను కేక పెట్టినాను. వాడు కేరింతలు కొట్టలేదు. "అన్నయ్యా, వీళ్ళ పేర్లేమిటి?" అన్నాడు. సేనాధిపతుల పేర్లు చెప్పబోయినాను. "వాళ్ళవి కాదు, పడిపోయినవాళ్ళవి" అన్నాడు. నా వద్ద జవాబు లేకపోయింది. ఆటలోనూ లేదు. తొమ్మిదవ భాగంలో ఆడదగిన వీరులు ఎనభైకి పైగా ఉన్నారు. ప్రతివానికి పేరు, ముఖం, స్వరం ఉన్నవి. మిగిలినవారంతా ఒకే అచ్చున పోసిన బొమ్మలు.

క్రీ.శ. 208 లో జరిగిన చాంగ్‌బాన్ ఘట్టాన్నే తీసికొనండి. ఆటలో అది ఝావో యున్ పరాక్రమ రంగం. చరిత్రలో అది శరణార్థుల ప్రయాణం. లియు బెయ్ వెంట లక్షకు పైగా జనం బయలుదేరినందున అతని సేన వడిగా సాగలేకపోయినదనీ, వారిని విడిచి పోవుటకు అతడు సమ్మతింపలేదనీ చైనా చరిత్రకారులు వ్రాసినారు. ఇంకొక లెక్క కూడ ఉన్నది. 157 లో హాన్ ప్రభుత్వ పట్టీలలో నమోదైన జనసంఖ్య సుమారు 5 కోట్ల 64 లక్షలు. 280 లో నమోదైనది సుమారు 1 కోటి 61 లక్షలు. తగ్గిన వారందరూ మరణించినవారు కారు. ఇల్లువాకిలి విడిచి, పట్టీలకందక చెదరినవారు అనేకులు. అయినను, తెర మూలన పెరిగే అంకె వెనుక ఇట్లు తరిగిపోయిన అంకె ఒకటి ఉన్నదని ఆట మనకు చెప్పదు.

మన రెండు భాషల మహాకవులు దీనిని మరువలేదు. తిక్కన స్త్రీపర్వంలో యుద్ధం ముగిసిన పిదప గాంధారిని ఆ రణభూమి నడుమనే నడిపించినాడు. మీర్ అనీస్ తన మర్సియాలలో కర్బలా వీరులను పేరుపేరునా తలచి, దాహంతో ఎండిన పసివాని పెదవుల వద్ద ఆగినాడు. వీరత్వాన్ని కీర్తించుటలో వారు ఎవరికీ తీసిపోరు. కాని కూలినవానికి ఒక తల్లి ఉన్నదని వారికి తెలియును. దూరపు కొండలు నునుపన్నట్లు, తెరమీది యుద్ధం మనకంత నునుపుగా తోచుటకు కారణం ఆ తల్లి అక్కడ కనిపించకపోవుటయే.

కనుక ఆటను నిషేధింపుడని కమిటీ పెద్దలను నేను కోరను. నిషేధించినది దుప్పటి చాటున మరింత రుచిస్తుంది. 1925 లోనే ఆంగ్లంలోనికి వచ్చిన ఆ నవల ప్రతి నొకదానిని గ్రంథాలయానికి తెప్పించవలసినదని మాత్రం కోరుతున్నాను. ఆడేవారు దానిని చదువుదురు గాక, చదివినవారు సాహిత్య సంఘంలో చర్చింతురు గాక.

మిత్రులారా! ఆడండి, అలసట తీర్చుకొనండి. కాని సంఖ్య వేయి దాటిన వేళ ఒక్క క్షణం చేయి ఆపి, నా తమ్ముడడిగిన ప్రశ్నను మీలో మీరు వేసికొనండి. రేపు వార్తాపత్రికలో ఏదో దేశపు యుద్ధంలో ఇంతమంది మరణించిరని చదువునపుడు, ఆ అంకెను దాటి పోకుండ మన కన్నులను నిలుపగలిగేది ఆ ప్రశ్నయే.