విజ్ఞానసర్వస్వమున ‘మన’ యను మాట

క్రిందటి వేసవి సెలవులలో మన పాఠశాల విద్యార్థి యొకడు తన గ్రామమును గూర్చి తెలుగు వికీపీడియాలో నొక చిన్న వ్యాసము వ్రాసెను. “మా ఊరు చాల అందమైనది” అని దాని మొదలు. “ఈ వెబ్‌సైటులో మా ఊరిని గూర్చి వ్రాయుట నాకెంతో సంతోషము” అని దాని తుద. మరునాటికే ఆ రెండు వాక్యములను ఎవరో తొలగించిరి. బడి తెఱచిన వెంటనే బాలుడు చిన్నబోయిన మొగముతో నా యొద్దకు వచ్చి, “మాస్టారూ, మా ఊరు మాది కానట్లు వ్రాయమంటారా?” అని యడిగెను. అప్పుడు నేను చెప్పిన సమాధానము నాకే తృప్తి గలిగింపలేదు. కావున ఆ సంగతిని గూర్చి తీరికగా ఇచట వ్రాయుచున్నాను.

వికీపీడియా 2001వ సంవత్సరము జనవరి 15వ తేదీన ఇంగ్లీషున ఆరంభమై, 2003 డిసెంబరులో తెలుగున వెలసినది. పూర్వపు విజ్ఞానసర్వస్వములకు సంపాదకుడుండెడివాడు. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞానసర్వస్వమును తలపెట్టి, పని ముగియక మునుపే 1923లో గతించిరి. ఆ సంపుటములను చేతబట్టినవాడు అది ఎవరి పూనికయో ముఖపత్రమునందే తెలిసికొనును. వికీపీడియా వ్యాసమునకు అట్టి ముఖపత్రము లేదు. ఒకడు మొదలిడిన వాక్యమును వేఱొకడు ముగించును. ముక్కుమొగ మెఱుగని మూడవవాడు దానిని దిద్దును. అట్టి వ్రాతలో “నేను సంతోషించుచున్నాను” అని యున్నచో, సంతోషించినవా రీ మువ్వురిలో నెవరు?

ఇక “ఈ వెబ్‌సైటులో” అను మాట. దీనిలోని దోషము అంత సులభముగా కంటికి గనబడదు. వికీపీడియాలోని వ్రాత, మూలమును పేర్కొని అదే యనుమతితో పంచిపెట్టు షరతుపై, ఎవ్వరైనను ఎత్తి వ్రాసికొనవచ్చును, అచ్చు వేయవచ్చును, అమ్ముకొననువచ్చును. కివిక్స్ అను సాధనము మూలమున ఇంటర్నెట్టు లేని బడులలో సైతము దానిని కంప్యూటరులో నిలువచేసి చదువుచున్నారు. కన్నులు లేనివారికి యంత్రము చదివి వినిపించుచున్నది. ఇటీవల ప్రశ్నలకు బదులు చెప్పు యంత్రములును దానినుండి నేర్చుకొనుచున్నవి. “ఈ వెబ్‌సైటులో” అను వాక్యము అచ్చుపుస్తకములోనికి పోయిన క్షణమున అసత్యమగును. “ఇచట నొక్కుడు” అనునది కాగితముపై నవ్వులపాలగును. “పైని పటమును చూడుడు” అనునది చెవితో వినువానికి ఏమి యుపకరించును? వ్రాసినవాడు అబద్ధమాడలేదు, వ్రాత తాను పుట్టిన యిల్లు విడిచి పోవునని తలపలేదు, అంతే.

అయితే నా విద్యార్థిని నొప్పించినది వెబ్‌సైటు మాట గాదు, “మా ఊరు” అను మాట. మన భాషకు ఇంగ్లీషునకు లేని సౌకర్య మొకటి కలదు. వినువానిని చేర్చుకొన్నచో “మనము”, వెలుపల నుంచినచో “మేము”. “మా ఊరు” అనినంతనే చదువరి అతిథి యగును. “మన ఊరు” అనినచో, వానిని అడుగకయే చుట్టముగా చేసికొన్నట్లగును. తెలుగున చదువు వారందఱును ఒక్కచోట నున్నవారు గారు. మారిషసులో పుట్టి పెరిగిన తెలుగువానికి “మన దేశము” మారిషసే.

అంత దూరము పోవ నక్కఱలేదు. కుకునూరు మండలమును చూడుడు. 2014 వఱకు అది ఖమ్మము జిల్లాలోనిది. ఆ యేట రాష్ట్రము రెండైనప్పుడు అది ఆంధ్రప్రదేశములో నిలిచి పశ్చిమగోదావరి జిల్లాలో చేరెను. 2022 ఏప్రిలులో ఏలూరు జిల్లాలోనికి వచ్చెను. అచటి పల్లెవాడొకడు 2010లో “మన జిల్లా కేంద్రము ఇంత దూరమున నున్నది” అని వ్రాసెననుకొనుడు. ఊరు కదలలేదు, గోదావరి కదలలేదు, వాక్యములో ఒక్క యక్షరము మాఱలేదు. అయినను నాలుగేండ్లకే ఆ వాక్యము తప్పయినది. “ఖమ్మము” అని పేరు పెట్టి, సంవత్సరము వేసి వ్రాసినచో నది నేటికిని సత్యముగనే యుండెడిది. “ఇప్పుడు”, “నేడు”, “ఇటీవల” అను మాటలును ఈ జాతిలోనివే. (నేను పైని “ఇటీవల” అని వ్రాసితినని నవ్వకుడు. ఇది వార్షిక సంచిక. దీని యట్టమీద సంవత్సరము కలదు.)

ఈ నియమమువలన పోగొట్టుకొన్నది యేమియు లేదని మాత్రము నేననను. 1751లో పారిసున వెలువడిన ఫ్రెంచి విజ్ఞానసర్వస్వపు మొదటి సంపుటమున, దిదెరో అను సంపాదకుడు బ్రెజిలు దేశపు మొక్క యొకదానిని గూర్చి వ్రాయుచు, తమకు తెలిసినది ఇంతేయని చెప్పి, ఇట్టి వర్ణనము ఎవరికి పనికివచ్చునని తన్ను తానే యెత్తిపొడుచుకొనెను. ఆ పుట నేటికిని నవ్వు పుట్టించును. కాని అది ఒక సంపాదకుని గ్రంథము. ఆ గొంతు ఎవరిదో చదువరి యెఱుగును. వేలమంది చేయి పెట్టు వ్రాతలో అట్టి చమత్కారమునకు బాధ్యుడు లేడు.

మన కవులు దీనిని చక్కగనే యెఱిగియుండిరి. ప్రబంధమున అవతారిక యొకటి, ఆశ్వాసాంత గద్య మొకటి. తన పేరు, వంశము, గురువు, కృతిపతి, అన్నియు అచటనే. కథ నడచుచుండగా కవి నడుమ వచ్చి తన గోత్రము చెప్పడు. వికీపీడియాలోను అట్టి తావు లేకపోలేదు. ప్రతి వ్యాసమునకును “చరిత్ర” యను పుట కలదు: ఎవరు ఏ దినమున ఏ యక్షరమును మార్చిరో అందుండును. “చర్చ” యను పుట కలదు: అచట “నేను” అనవచ్చును, వాదింపవచ్చును, తుదను సంతకమును చేయవలెను. తెర వెనుక పేరు చెరగదు; వేదికమీదికి రాదు.

ఇంకొక మాట. “నేను” కూడదని విని కొందఱు “అని చెప్పబడుచున్నది”, “అని పెద్దల యభిప్రాయము” అని వ్రాయసాగిరి. ఇది మొదటి దోషముకంటె చెడ్డది. “నేను” అన్నవాడైనను ఒక సాక్షి. “చెప్పబడుచున్నది” అన్నచోట సాక్షియే లేడు. ఏ పెద్దలు? ఏ గ్రంథమున? అది చూపజాలనిచో ఆ వాక్యము మానుటయే మేలు. తన్ను తొలగించుకొనుట వేఱు, ఆధారమును తొలగించుట వేఱు.

వికీపీడియాను గూర్చియే వ్రాయు వ్యాసమున దాని పేరు తప్పదు గదా యందురా? తప్పదు. ఏ పత్రికను గూర్చియో వ్రాసినట్లు, వెలుపల నిలిచి వ్రాయవలెను.

నా విద్యార్థికి తుద కేమి చెప్పితిని? “నాయనా, ఊరు అందమైనదని చెప్పవద్దు. నీకు అందముగ దోచిన దేదో దానిని చెప్పుము” అంటిని. చెరువు అనెను. చెరువు ఊరికే దిక్కున నున్నది? తూర్పున. ఆయకట్టెంత? తెలియదు. తాతగారి నడిగెను, ఆయన చెప్పిన లెక్క కాగితములతో సరిపడలేదు. ఆ సంఖ్యకై మండల కార్యాలయమునకు రెండు మారులు ఎండలో నడచి పోయివచ్చెను. ఇప్పుడు వ్యాసమున ఆ సంఖ్య కలదు, ఆధారమును కలదు, ఎవరును తొలగింపలేదు. తాతగారితోడి తగవు గాని, ఎండలో నడచిన నడక గాని అందు లేదు. ఆ కథను “మా ఊరి చెరువు” అను పేరుతో వచ్చు వార్షిక సంచికకు వ్రాసి యిమ్మని యతనిని కోరియున్నాను.