విష్ణుపురిలో మొక్క నాటడం తేలికే, మూడో ఎండాకాలం దాటించడానికే డబ్బు కావాలి

నాందేడ్‌లో, బిలోలి, ధర్మాబాద్, దెగ్లూర్ వైపు మన ఇళ్లలో డిగ్రీ, పీజీ చదివే పిల్లలు ఈమధ్య తరచుగా ఒక మాట అంటున్నారు: ఫీల్డ్ ప్రాజెక్ట్. దాని వెంటే ఇంకొకటి, కమ్యూనిటీ ఎంగేజ్‌మెంట్. కొత్త జాతీయ విద్యావిధానం మహారాష్ట్రలో 2023-24లో పీజీకి, 2024-25లో అనుబంధ కాలేజీల డిగ్రీకి అమలులోకి వచ్చింది. తరగతి గది బయట చేసే పనికి కూడా క్రెడిట్లు వేయడం అప్పటి నుంచి మొదలైంది. మంచిదే. పిల్లలు ఎంచుకునే పనుల్లో పర్యావరణానివే ఎక్కువ కనిపిస్తాయి. మొక్కలు, వాననీటి గుంతలు, హాస్టల్ మెస్ చెత్తతో ఎరువు, కరెంటు పొదుపు. అయితే క్రెడిట్ ఇచ్చినవాళ్లు దాంతోపాటు డబ్బేమీ ఇవ్వలేదు. ఆ డబ్బు కోసమే పిల్లలు దుకాణాల మెట్లెక్కుతున్నారు, వాట్సాప్‌లో క్యూఆర్ కోడ్ పంపుతున్నారు. ఇవ్వాలా వద్దా అన్నది చిన్న ప్రశ్న. ఇచ్చిన డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది, రెండేళ్ల తర్వాత దాని లెక్క ఎవరు చెబుతారు అన్నదే అసలు ప్రశ్న.

విష్ణుపురి దగ్గరున్న స్వామి రామానంద తీర్థ మరాఠ్వాడా విశ్వవిద్యాలయం 1994 సెప్టెంబర్ 17న, ఔరంగాబాద్ విశ్వవిద్యాలయం నుంచి విడిపోయి ఏర్పడింది. ఆ తేదీ మరాఠ్వాడా విముక్తి దినం. అటు తెలంగాణకూ అదే రోజు. హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌ను నడిపిన రామానంద తీర్థ మన పెద్దలకు తెలిసిన మనిషి. పి.వి. నరసింహారావు ఆయన అనుయాయుల్లో ఒకరు. స్వామీజీ స్మారకం ఇవాళ్టికీ హైదరాబాద్ బేగంపేటలో ఉంది. 1956 వరకు మనమంతా ఒకే రాష్ట్రంలో ఉన్నాం కాబట్టి ఈ విశ్వవిద్యాలయాన్ని "వాళ్లది" అనుకుని పక్కకు తప్పుకునే హక్కు మనకు లేదని నా అభిప్రాయం.

నాందేడ్, లాతూర్, పర్భణి, హింగోలి, ఈ నాలుగు జిల్లాలు దీని పరిధిలోకి వస్తాయి. 2016 ఏప్రిల్‌లో మిరజ్ నుంచి రైలు ట్యాంకర్లలో తాగునీళ్లు వచ్చింది ఆ లాతూర్‌కే. నాందేడ్ తాగేది విష్ణుపురి జలాశయం నీళ్లు. ఎండలు ముదిరితే ఆ జలాశయం మట్టం ఎంత ఉందో రోజూ అడిగి తెలుసుకునే ఊరు మనది. ఇక్కడ కాలేజీ పిల్లలు నీళ్ల గురించి, చెట్ల గురించి ప్రాజెక్టు చేస్తే దాన్ని పరీక్ష కోసం చేసే తంతుగా చూడలేం.

మరి డబ్బు ఎక్కడ ఖర్చవుతుంది? మొక్క దాదాపు ఉచితం. సర్కారు నర్సరీలో అడిగితే దొరుకుతుంది. గుంత తవ్వడానికి ఎన్ఎస్ఎస్ పిల్లలు ఉన్నారు. జూలైలో ఫోటో కూడా బాగా వస్తుంది. ఖర్చంతా ఆ తర్వాత మొదలవుతుంది. కంచె, డ్రిప్ పైపు, మార్చి నుంచి జూన్ దాకా ట్యాంకర్ నీళ్లు, పోసే మనిషికి కూలి. సరిగ్గా ఆ నెలల్లోనే పిల్లలు పరీక్షలు రాసి ఊళ్లకు వెళ్లిపోతారు. వేసవి సెలవులూ మొక్కకు గండమూ ఒకేసారి వస్తాయి. రెండో ఏడు కూడా అంతే. మూడో ఏటికి నాటిన బ్యాచ్ పట్టా తీసుకుని పుణెకో హైదరాబాద్‌కో వెళ్లిపోయి ఉంటుంది.

ఇది పిల్లల తప్పని అనలేం. రాష్ట్ర ప్రభుత్వమే 2016 నుంచి 2019 దాకా 50 కోట్ల మొక్కల కార్యక్రమం పెట్టింది. మొదటి ఏడు 2 కోట్లు, తర్వాత 4, 13, చివరికి ఒక్క ఏడాదిలో 33 కోట్లు. నాటిన సంఖ్య గొప్పగానే చెప్పారు. బతికిన సంఖ్య మీద అనుమానాలు లేచి, 2021లో శాసనసభ్యుల కమిటీతో విచారణ చేయిస్తామని అనాల్సి వచ్చింది. అంత పెద్ద శాఖ, అంత బడ్జెట్ ఉన్నవాళ్ల పరిస్థితే అది. ఇరవై మంది విద్యార్థులు ఒక ఏడాది చందాతో చేస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

అన్ని పనులూ మొక్కల్లాంటివి కావు. కొన్ని తమ ఖర్చు తామే తిరిగి తెస్తాయి. ఒక లెక్క చూద్దాం. హాస్టల్‌లో పాత సీలింగ్ ఫ్యాన్ సుమారు 75 వాట్లు తాగుతుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లలోపే. తేడా 45 వాట్లు. రోజుకు 8 గంటలు, ఏడాదికి 220 రోజులు తిరిగితే ఒక్కో ఫ్యాన్‌కు దాదాపు 79 యూనిట్లు మిగులుతాయి. 40 ఫ్యాన్లు మారిస్తే 3,168 యూనిట్లు. యూనిట్ 10 రూపాయలనుకుంటే ఏడాదికి 31,680 రూపాయలు. ఫ్యాన్ ఒక్కోటి 3,000 చొప్పున పెట్టుబడి 1,20,000. నాలుగేళ్లలోపే డబ్బు తిరిగి వచ్చేసినట్టు. ఆ తర్వాత మిగిలేదంతా లాభమే.

వినడానికి బాగుంది కదా. కానీ ఆ 31,680 ఎవరి చేతికి వస్తాయి? విశ్వవిద్యాలయం కరెంటు బిల్లులో తగ్గుతాయి, అంతే. చందా వసూలు చేసిన పిల్లల దగ్గరికి ఒక్క రూపాయి రాదు. వచ్చే ఏడు ఇంకో హాస్టల్ మార్చాలంటే మళ్లీ దుకాణాల మెట్లెక్కాల్సిందే. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఈ చిక్కును ఇరవై ఏళ్ల కిందే విప్పింది. 30 లక్షల డాలర్లతో ఒక నిధి పెట్టి, పొదుపు పనులకు అందులోంచి అప్పు ఇచ్చింది. బిల్లులో తగ్గిన మొత్తంతో ఆ అప్పు నిధికి తిరిగి కట్టాలి. అది నిలబడింది కాబట్టే తర్వాత దాన్ని 1.2 కోట్ల డాలర్లకు పెంచారు. మనకు ఇది కొత్త విద్యేమీ కాదు. ఇక్కడ భిశీ అంటాం, అటు నిజామాబాద్‌లో చిట్టీ అంటారు. తీసుకున్నవాడు తిరిగి కడితేనే తర్వాతివాడికి పాట వస్తుంది. మన ఆడవాళ్ల బచత్ గట్‌లు నడిచేది కూడా అలాగే. విశ్వవిద్యాలయం కట్టాల్సిన కిస్తీ కట్టకుండా తప్పించుకుంటోంది కాబట్టే ఈ చిట్టీ మొదటి నెలలోనే ఆగిపోతోంది.

ఇంకో దారి కాలిఫోర్నియాలో ఉంది. అక్కడి సర్కారు విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులే ఓటు వేసి తమ మీద తామే చిన్న రుసుము వేసుకున్నారు. శాంటా బార్బరాలో 2006లో మూడు నెలల టర్ముకు 2 డాలర్ల 60 సెంట్లు. బర్కిలీలో మరుసటి ఏడు సెమిస్టర్‌కు 5 డాలర్లు. ఆ డబ్బును ఏ ప్రాజెక్టుకు ఇవ్వాలో నిర్ణయించే కమిటీలో కూడా విద్యార్థులే ఎక్కువ. ఇది ఇక్కడా పెట్టవచ్చు కదా అని కొందరు అడుగుతారు. పెట్టలేం, పెట్టకూడదు. మహారాష్ట్రలో విద్యార్థి సంఘాలకు నేరుగా ఎన్నికలు 1990ల మొదట్లోనే ఆగిపోయాయి. 2016 విశ్వవిద్యాలయాల చట్టం మళ్లీ తలుపు తెరిచింది, 2019లో జరుపుతామన్నారు, జరగలేదు. ఓటు లేనిచోట రుసుము పెడితే అది పైనుంచి వచ్చిన హుకుం అవుతుందే తప్ప విద్యార్థుల నిర్ణయం కాదు. పైగా స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూస్తూ ఫీజు కట్టే పిల్లలున్న చోట ఇంకో 100 రూపాయలు కూడా బరువే.

కంపెనీల డబ్బు సంగతి. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఏటా 5 కోట్ల నికర లాభమో, 1,000 కోట్ల టర్నోవరో, 500 కోట్ల నికర విలువో ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలి. పర్యావరణం ఆ జాబితాలో ఉంది. ఈ డబ్బు దేశంలో అన్ని రాష్ట్రాలకంటే మహారాష్ట్రకే ఎక్కువ వస్తుంది. అయితే అది ముంబై, పుణెల చుట్టూనే తిరుగుతుంది. ఇక్కడి మొండా వ్యాపారికి, చేనేత దుకాణానికి ఆ చట్టం వర్తించదు. విద్యార్థి బృందం నేరుగా అడిగినా ఇవ్వరు, ఎందుకంటే 2021 నుంచి ఆ డబ్బుతో పని చేసే సంస్థ కేంద్రం దగ్గర నమోదై ఉండాలి. కానీ ఒక విషయం చాలామందికి తెలియదు. శాసనసభ చట్టంతో ఏర్పడిన సంస్థ ఈ నిధులు తీసుకోవడానికి అర్హమైనదేనని నియమాలే చెబుతున్నాయి. మన విశ్వవిద్యాలయం అలాంటిదే. అంటే పిల్లలు ప్రాజెక్టు రాస్తే, విశ్వవిద్యాలయం తన పేరుతో అడగవచ్చు. అడిగే పని ఒక అధికారి బల్ల మీద పెట్టాలి. అది లేనంతకాలం పిల్లలు క్యూఆర్ కోడ్ పట్టుకుని తిరుగుతూనే ఉంటారు.

ఆ క్యూఆర్ కోడ్ గురించి ఇళ్లలో కాస్త గట్టిగానే మాట్లాడుకోవాలి. చాలాసార్లు అది ఒక విద్యార్థి సొంత ఖాతాది అయి ఉంటుంది. ఆ పిల్లవాడు నిజాయితీపరుడే కావచ్చు. అయినా 50,000 రూపాయలు తన ఖాతాలో పడ్డాక ఎవరైనా వేలు చూపిస్తే నిరూపించుకోవడానికి అతని దగ్గర ఏముంటుంది? మన పిల్లవాడు కాబట్టే ఆ ఇరకాటంలో పడనివ్వకూడదు. ఇచ్చేవారికి కూడా లాభం లేదు. పన్ను మినహాయింపు కావాలంటే గుర్తింపు ఉన్న సంస్థ రసీదు కావాలి, 2,000 రూపాయలు మించిన నగదుకు అది కూడా పనికిరాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి అసలు మినహాయింపే లేదు. మార్కండేయ జయంతికి చందా వేసేటప్పుడు సంఘం రసీదు పుస్తకం, నంబరు, సంతకం చూడకుండా మన పెద్దలు పైసా తీయరు. లెక్క గోడ మీద అంటించకపోతే మరుసటి ఏడు గొడవే. అదే పద్ధతి ఇక్కడ అడిగితే పిల్లలను అనుమానించినట్టు కాదు.

ఇచ్చే ముందు అడగాల్సినవి నాకు తోచినంతవరకు మూడే. డబ్బు విశ్వవిద్యాలయం లేదా కాలేజీ ఖాతాలో, ఈ పని పేరుతో విడి పద్దు కింద పడుతుందా? వసూలైన దాంట్లో సగమైనా తర్వాతి రెండు వేసవులకు ఆపి ఉంచారా, లేక మార్చి 31లోపు ఖర్చు పెట్టేయాలని తొందరపడుతున్నారా? మే నెలలో నీళ్లు ఎవరు పోస్తారు? మూడోదానికి జవాబు మహారాష్ట్రలో పాతకాలం నుంచే ఉంది. కర్మవీర్ భావురావ్ పాటిల్ పేరుతో ముడిపడిన "కమవా ఆణి శికా", సంపాదించుకుంటూ చదువుకో అనే పథకం. సెలవుల్లో హాస్టల్‌లో ఉండిపోయే పేద విద్యార్థికి రోజుకూలి ఇచ్చి చెట్ల బాధ్యత అప్పగిస్తే మొక్కా బతుకుతుంది, ఆ పిల్లవాడి పుస్తకాల ఖర్చూ వెళ్తుంది. చందా అడిగే కాగితంలో ఆ కూలి పద్దు కనిపిస్తే నేనైతే నిస్సందేహంగా ఇస్తాను. టీషర్టులు, బ్యానర్లు, ప్రారంభోత్సవం పద్దులు కనిపిస్తే ఇవ్వను.

పొదుపైన కరెంటు డబ్బు తిరిగి విద్యార్థుల పనులకే వెళ్లాలన్న నిర్ణయం మాత్రం చందాతో వచ్చేది కాదు. అది విశ్వవిద్యాలయ బడ్జెట్‌లో రాయాల్సిన మాట. 2016 చట్టం ప్రకారం విశ్వవిద్యాలయ సెనేట్‌లో పట్టభద్రులు ఓటు వేసి ఎన్నుకునే ప్రతినిధులు 10 మంది ఉంటారు, పదవీకాలం ఐదేళ్లు. ఓటు వేయాలంటే రిజిస్టర్డ్ గ్రాడ్యుయేట్‌గా పేరు నమోదు చేయించుకోవాలి. డిగ్రీ ఉన్నంతమాత్రాన పేరు దానంతటదే ఎక్కదు. మన ఇళ్లలో ఇద్దరు ముగ్గురు పట్టభద్రులు లేని ఇల్లు ఇప్పుడు అరుదు. వచ్చే ఎన్నికకు ముందు ఆ ఫారం నింపి, ఓటు అడగడానికి వచ్చే అభ్యర్థిని హాస్టల్ కరెంటు బిల్లులో మిగిలిన డబ్బు ఏ పద్దులోకి పోయిందని అడగవచ్చు.