కదలని బోల్టు

స్వదేశమున తయారైన వస్తువును వాడుట ధర్మము. స్వదేశమున తయారైనదను కారణమున దాని లోపమును దాచుట ధర్మము కాదు. ఈ రెంటికిని గల భేదమును గుర్తింపని జాతి యెట్టి మూల్యమును చెల్లింపవలసివచ్చునో, మొదటి ప్రపంచసంగ్రామమున కెనడా వాడిన రాస్ తుపాకి చరిత్రము తెలుపుచున్నది. ఆయుధముల విషయమున స్వయంసమృద్ధిని కోరుచున్న మనకీ చరిత్రము పరాయిది కాదు.

బోయరు యుద్ధకాలమున కెనడా ప్రభుత్వము లీ-ఎన్‌ఫీల్డు తుపాకులకై బ్రిటను నర్థించెను. అవి లభింపలేదు, తమ దేశమున చేసికొనుటకు అనుమతియు దొరకలేదు. అప్పుడు సర్ చార్లెస్ రాస్ అను స్కాట్లండు జమీందారు తన తుపాకితో ముందునకు వచ్చెను. 1902లో ఒడంబడిక జరిగెను. క్విబెక్ నగరమున కర్మాగారము వెలసెను. పరుల యెదుట చేయి చాచి భంగపడిన జాతి తన తుపాకిని తాను చేసికొనదలచుట తప్పెట్లగును? దోషము సంకల్పమున లేదు. తరువాతి మౌనమున నున్నది.

తుపాకి బోల్టు తలుపు గడియవంటిది. తూటాను గదిలోనికి నెట్టి, అది ప్రేలునపుడు వెనుకకు చిమ్మకుండ అడ్డుపడి, పిదప ఖాళీ గుల్లను వెలికి లాగునది యదియే. లీ-ఎన్‌ఫీల్డులో పిడిని మొదట పైకెత్తి, తరువాత వెనుకకు లాగవలయును. ఆ యెత్తుటలోనే బిగిసిన గుల్ల సడలును. రాస్ తుపాకిలో పిడిని తిన్నగా వెనుకకు లాగిన చాలును. వేగము హెచ్చు, గుల్లను సడలించు బలము తక్కువ. ఈ తుపాకి బిస్లీ మైదానమున లక్ష్యవేధ పందెములలో బహుమతులు గెలిచెను. కాని పందెపు మైదానము వేఱు, బురద నిండిన కందకము వేఱు.

1915 ఏప్రిల్ 22న ఈప్రు కడ జర్మనులు విషవాయువును విడిచిరి. ఆ రంగముననే నాలుగు దినముల పిదప మన లాహోరు డివిజను సైనికులును నెత్తురు చిందించిరి. శత్రువు మీదికి వచ్చుచుండగా కెనడా యోధుల చేతులలో బోల్టులు బిగిసిపోయెను. బూట్లతో తన్నియు, గునపపు పిడులతో కొట్టియు వానిని తెఱువవలసివచ్చెను. తన ప్రాణమును కాపాడవలసిన యాయుధమును సైనికుడు తానే తన్నవలసివచ్చుట కంటె దైన్య మేమున్నది? వేయిమందికి పైగా తమ తుపాకులను పారవైచి లీ-ఎన్‌ఫీల్డులను ఏరుకొనిరి.

నింద మొదట బురదపై బడెను. పిదప బ్రిటిషు తూటాలపై బడెను. అందు కొంత నిజము లేకపోలేదు. రాస్ తుపాకి గది యిఱుకు. బ్రిటనులో తొందరగా చేసిన తూటాల కొలతలు ఒక్క తీరుగా లేవు. గదిని వెడల్పు చేసిరి. అయినను వ్యాధి పూర్తిగా కుదురలేదు. తుదకు నిపుణులు మఱియొక కారణమును పట్టిరి. వెనుకకు వచ్చిన బోల్టును ఆపు ఇనుప తునక మిక్కిలి చిన్నది. లాగినప్పుడెల్ల బోల్టుతల పండ్లు దానికి తగిలి అణగిపోవుచుండెను. అణగిన పండ్లు గాడిలో సరిగా దూరవు. ఆ తునకను వెడల్పు చేసి, బోల్టుతలకు గట్టి పదును పెట్టిన చాలునని తేలెను. ఎంత చిన్న మరమ్మతు! ఎంత యాలస్యము!

ఇంకొక దోషము. శుభ్రపఱచుటకై విప్పిన బోల్టును తప్పుగా కూర్చినను అది తుపాకిలో దూరెడిది; బిగియకుండనే తూటా ప్రేలెడిది. తొలి తుపాకులు 1905లో అశ్విక పోలీసుల కందిన పిదప, అభ్యాసమున బోల్టు వెనుకకు చిమ్మి వారిలో నొకరు కన్ను కోల్పోయిరి. ఈప్రుకు దాదాపు పదేండ్ల ముందే హెచ్చరిక వచ్చెనన్న మాట. అయినను సేనామంత్రి సామ్ హ్యూస్ ఆ తుపాకిని జాతి గౌరవముగా భావించి సమర్థించెను. లోపములను తెలిపిన సేనాని ఆల్డర్సను ఆతని యాగ్రహమునకు గురియయ్యెను. మొదటి డివిజనుకు 1915 జూనులోనే తుపాకులు మార్చిరి. తక్కినవారు 1916 వఱకు వేచియుండిరి. ఆ నవంబరులో హ్యూస్ పదవి పోయెను. 1917లో కర్మాగారమును ప్రభుత్వము స్వాధీనపఱచుకొనెను.

మన యాయుధములను మనమే యాక్షేపించిన శత్రువు సంతోషించునని, పసి పరిశ్రమ నశించునని కొందఱందురు. రాస్ పరిశ్రమను చంపినది ఆక్షేపణయా, మౌనమా? దోషము దిద్దినప్పటికి సైనికుని విశ్వాసము పోయినది. ఉక్కును తిరిగి పోతపోయవచ్చును, విశ్వాసమును పోతపోయలేము.

మన యీషాపూరు కర్మాగారము 1962 చైనా యుద్ధానంతరము పాత లీ-ఎన్‌ఫీల్డు అచ్చునే గైకొని, మేలైన ఉక్కుతో 7.62 మిల్లీమీటర్ల తూటాకు తగినట్లు తీర్చెను. పాతదాని బలహీనత నెఱిగి దిద్దుట యనగా నదియే. 1999 కార్గిలు యుద్ధమున మన ఇన్సాసు తుపాకి తూటాపెట్టెలు చలికి బీటలువాఱినవని ఫిర్యాదులు వినవచ్చెను. అట్టి ఫిర్యాదును దేశాభిమాన లోపముగా నెంచరాదు.

కావున ప్రతి తుపాకిని బురదలోను, ఇసుకలోను, మంచులోను, వేర్వేఱు కర్మాగారముల తూటాలతో పరీక్షింపవలయును. ఆ పరీక్షను దానిని చేసినవారు గాక, మోయబోవువారు నడపవలయును. తప్పుగా కూర్చిన బోల్టు తుపాకిలో దూరనే దూరని యేర్పాటుండవలయును. సిపాయి ఫిర్యాదు కర్మాగారపు చేతులు దాటి శాసనసభ వఱకు చేరు మార్గముండవలయును. బోల్టు బిగిసినదని సిపాయి చెప్పినపుడు మనము మొదట పరీక్షింపవలసినది బోల్టును; సిపాయి దేశభక్తిని గాదు.