అయస్కాంత మెమరీ: అసలు హక్కు ఎక్కడుంది?

కరెంటు పోయినా సమాచారం చెరగని అయస్కాంత మెమరీ ఇప్పుడే పుట్టుకొచ్చిన వింత అన్నట్టు సాగుతున్న కథనాలు హైదరాబాద్ చరిత్రనే మరచిపోతున్నాయి. 1967లో అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో అక్కడ ఏర్పడిన ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ అందించిన టీడీసీ-12 కంప్యూటరు, ఫెరైట్ అనే అయస్కాంత పదార్థంతో చేసిన చిన్న రింగుల్లోనే సమాచారం దాచేది. సన్నని తీగల వలలో గుచ్చిన ఒక్కో రింగు ఒక్కో బిట్‌ను, అంటే సున్నానో ఒకటినో, విద్యుత్తు లేకున్నా పట్టి ఉంచేది. కాకపోతే చదవగానే బిట్ చెరిగేది కనుక ప్రతిసారీ తిరిగి రాయాల్సి వచ్చేది.

నేటి అయస్కాంత మెమరీ అయిన ఎంరామ్‌కు ఆ బాధ లేదు. నానోమీటరు మందం ఉన్న మెగ్నీషియం ఆక్సైడు పొరకు అటూ ఇటూ ఉన్న అయస్కాంత పొరల దిశలు కలిస్తే నిరోధం తగ్గుతుంది, ఎదురైతే పెరుగుతుంది. ఆ తేడాను కొలిస్తే చాలు, బిట్ చెక్కుచెదరదు.

కథనాలు పూర్తిగా విస్మరించినది పేటెంట్ల చరిత్ర. ఆ పాత రింగుల మెమరీలో చదివిన వెంటనే తిరిగి రాసే పద్ధతిపై కంప్యూటర్ ఇంజనీరు ఆన్ వాంగ్ 1949లో చేసిన దరఖాస్తుకు 1955లో పేటెంటు రాగా, మరుసటి ఏడాదే ఐబీఎం దాన్ని 5 లక్షల డాలర్లకు కొనుక్కుంది. రెండు తీగల్లో సగం సగం కరెంటు పంపి, అవి కలిసే చోటి రింగును మాత్రమే ఎంచుకునే కిటుకుపై అమెరికా కంపెనీ ఆర్‌సీఏకు చెందిన రాజ్‌మన్ 1950లో, ఎంఐటీకి చెందిన ఫారెస్టర్ 1951లో దరఖాస్తు చేయడంతో, ఎవరిది ముందన్న తగాదా ఏళ్ల తరబడి సాగి, 1964లో ఐబీఎం ఎంఐటీకి 1.3 కోట్ల డాలర్లు చెల్లించాక గానీ సద్దుమణగలేదు. గమనించాల్సిందేమిటంటే, ఇంత డబ్బు పలికింది అయస్కాంతం కాదు, దాన్ని నడిపించే సర్క్యూటు పద్ధతి.

మన విధానం మాత్రం తలకిందులుగా ఉంది. 2021లో ప్రకటించిన 76,000 కోట్ల రూపాయల సెమీకాన్ ఇండియా కార్యక్రమంలో డిజైన్ ప్రోత్సాహక పథకానికి దక్కింది 1,000 కోట్లే. ఫ్యాక్టరీలు అక్కర్లేదని కాదు. అయితే ఇతరుల పేటెంట్లతో నడిచే ఫ్యాక్టరీ రాయల్టీ కట్టక తప్పదు. సర్క్యూట్ లేఅవుట్లకు 10 ఏళ్ల రక్షణ ఇచ్చే 2000 నాటి చట్టం కూడా, రెండేళ్లకు మించి మార్కెట్లో తిరిగిన లేఅవుటును నమోదు చేయదు. ఆలస్యం చేసినవారికి అక్కడ చోటు లేదు.

ఎంరామ్ రేపే ఫోన్లలోని మెమరీలన్నింటినీ తొలగిస్తుందనడం అత్యాశ. దాని బలం పదేపదే రాసే చోట కనిపిస్తుంది: ముప్కాల్ లాంటి ఊళ్లో కరెంటు పోతే ఇంటి మీటరు ఆఖరి రీడింగును ఆ క్షణంలోనే భద్రపరచుకోవాలి, ఫ్లాష్ మెమరీకేమో రాతలు పెరిగేకొద్దీ అరుగుదల తప్పదు. అలాంటి మీటర్లకు, పంపుసెట్ల నియంత్రణ పరికరాలకు సరిపడే సర్క్యూట్లను హైదరాబాద్ డిజైనర్ల చేత చేయించి, వాటిపై పేటెంట్లు తీసుకునే ఖర్చును ప్రభుత్వమే భరించాలి. ఫ్యాక్టరీ శంకుస్థాపనల కంటే ముందు జరగాల్సిన పని అదే.