విమానవిద్యయు మన్యపు యువకులును

కొత్తగూడెమునకు విమానాశ్రయము కావలెనను కోరిక చాలకాలముగా వినవచ్చుచున్నది. స్థలపరిశీలనలును జరిగినవి. విమానాశ్రయము వచ్చిన మాకును సంతోషమే. కాని విమానము మన నేలపై దిగుట వేరు. మన బిడ్డలు దానిని నడపుట, బాగుచేయుట వేరు. మొదటిదానికై జరుగుచున్న ఆందోళనలో పదియవ వంతైనను రెండవదానికై జరుగకుండుట శోచనీయము.

2023లో ఎయిర్ ఇండియా 470 విమానములకును, ఇండిగో 500 విమానములకును ఆర్డర్లు ప్రకటించినవి. ఇవి చేతికి వచ్చుకొలది నడపువారును, మరమ్మతు చేయువారును వేలకొలదిగా కావలసియుందురు. 2025 నవంబరులో ఫ్రెంచి సంస్థయగు సఫ్రాన్, శంషాబాదునందు విమాన ఇంజనుల మరమ్మతు కేంద్రమును తెరచినది. ఖమ్మము నుండి అది పూట ప్రయాణము మాత్రమే.

ఈ గిరాకిని చూచి పట్టణములలో విమానవిద్య పేర దుకాణములు వెలయుచున్నవి. అందు పెక్కింట నేర్పునది టిక్కెట్లు చూచుట, సామాను చేరవేయుట, ప్రయాణికులను మర్యాద చేయుట మాత్రమే. అవియు గౌరవప్రదములైన పనులే. కాని ఆ ధ్రువపత్రము పైలటు లైసెన్సు కాదు, మరమ్మతు ఇంజనీరు లైసెన్సును కాదు. ఈ భేదమెరుగక పొలమమ్మి రుసుము చెల్లించు తండ్రికి మిగులునది పశ్చాత్తాపమే.

లైసెన్సులిచ్చు అధికారము కేంద్ర పౌరవిమానయాన డైరెక్టరేటునకే కలదు. వాణిజ్య పైలటు కాగోరువానికి 18 ఏండ్లు నిండవలెను. 200 గంటలు విమానము నడపిన అనుభవము కావలెను. ప్రథమశ్రేణి వైద్యపరీక్షలో నెగ్గవలెను. కావున రుసుము చెల్లించుటకు ముందే వైద్యపరీక్ష చేయించుకొనుట వివేకము. మరమ్మతు శాఖలో ఇంజనును, యంత్రభాగములను చూచువారికి బి-1, ఎలక్ట్రానిక్ పరికరములను చూచువారికి బి-2 లైసెన్సులు గలవు. ఆ చదువు చెప్పు సంస్థకు సి.ఏ.ఆర్.-147 అనుమతి యున్నదో లేదో ముందుగా విచారింపవలెను. పరీక్షలు నెగ్గినను, విమానములపై పనిచేసిన అనుభవము లేనిదే లైసెన్సు రాదు.

పైలటు విద్యకు వ్యయము పదుల లక్షలలో నుండును. మరమ్మతు విద్యకు అందులో కొద్దిభాగమే. సింగరేణి గనులు, పాల్వంచ విద్యుత్కేంద్రము, మణుగూరు భారజల కర్మాగారము, సారపాక కాగితపు మిల్లు గల సీమ యిది. ఇచటి యింటింట పానా పట్టిన చేతులున్నవి. ఈ చేతులకు మరమ్మతు విద్య పరాయిది కాదు. పైలటు పేరులోని వెలుగు చూచి దీనిని చిన్నచూపు చూచుట తగదు. సంతకము చేయు ఇంజనీరు ఒప్పుకొననిదే పైలటు విమానమును కదలింపజాలడు.

ఇక మన్యపు గిరిజన యువకుని స్థితి వేరు. అతని భూమిని గిరిజనేతరుడు కొనరాదని 1970 నాటి ఒకటవ రెగ్యులేషను శాసించుచున్నది. ఆ చట్టము న్యాయమైనది. అది లేనిచో ఆ భూమి యేనాడో చేయి జారియుండెడిది. కాని కొనువారు తక్కువగుటచే ఆ భూమి బ్యాంకునకు హామీగా చెల్లుట అరుదు. భూమిని కాపాడిన ప్రభుత్వమే విద్యాఋణమునకును పూచీ పడవలదా? భద్రాచలము సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ ఏటేట కొందరిని ఎన్నిక చేసి, వైద్యపరీక్ష మొదలు లైసెన్సు వరకు వ్యయము భరింపవలెను. బేగంపేటలోని ప్రభుత్వ ఏవియేషన్ అకాడమీలో వారికి స్థానములు కేటాయింపవలెను.

అంతకు ముందు కావలసినది ఆశ్రమ పాఠశాలలలో గణిత, భౌతికశాస్త్రముల బోధకులు. పునాది లేనివానికి విద్యార్థివేతన మిచ్చుట మెట్లులేని మేడ చూపుటయే.

ఈ కోరిక అత్యాశ కాదు. ఒడిశాలోని మల్కనగిరి కూడ మన వంటి అడవిసీమయే. ఆ జిల్లా గిరిజన యువతి 2019లో ఇండిగో సంస్థలో సహపైలటు పదవి నందినది. అచట సాధ్యమైనది గోదావరి తీరమున అసాధ్యమెట్లగును? మన శాసనసభ్యులు విమానాశ్రయమును గూర్చి అడిగినప్పుడెల్ల ఈ ప్రశ్నను కూడ అడుగవలెనని కోరుచున్నాము.